దేవయ్య ఛాతీ ఫిల్ము

మత్రా,
4 సెప్టెంబరు 1978

సూర్ పైపుల సైట్‌లో పనిచేస్తున్న ఇస్తారి గారికి,

వందనాలు. నేను మీకు తెలియదు. నా పేరు కృపాబాయి. మాది సామర్లకోట దగ్గర. ఇక్కడి హాస్పిటల్లో మగవాళ్ళ వార్డు నర్సుని. మీ మామయ్య దేవయ్య గారు పోయిన గురువారం నుంచి మా ఆరో మంచం మీద ఉన్నారు. ఈ వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆయన ఉత్తరాలు నా వంతయ్యాయి.

ఆయన చెప్పమన్నవి వరసగా రాస్తున్నాను. దగ్గు తగ్గిందట. (తగ్గలేదు.) అన్నం బాగా తింటున్నారట. (పక్క మంచం అతను తింటున్నాడు.) రూములో ఉన్న ఆయన ట్రంకుపెట్టెను కంపెనీ ట్రక్కు తోలే షరీఫ్ చేత పంపించాలట. మీ అమ్మ శాంతవ్వ గారికీ, మీ అత్త లస్మవ్వ గారికీ ఈ సంగతి రాయకూడదట. రాస్తే చెవులు పిండుతానన్నారు. ఆ బలం ప్రస్తుతం ఆయన చేతుల్లో లేదు గానీ, మాట అందజేయడం నా బాధ్యత.

ఇక నా మాట. ఇదివరకు ఏం పని చేసేవాడివని డాక్టరు అడిగితే వ్యవసాయం అన్నారు. ఎక్స్‌రే తీస్తే, ఊపిరితిత్తుల్లో అంత తెల్లటి వ్యవసాయం డాక్టరు గారు ఇంతవరకూ చూడలేదట. నిజం మీరు రాయండి.

ఇట్లు,
కృపాబాయి

---

సూర్,
12-9-78

గౌరవనీయులైన సిస్టర్ కృపాబాయి గారికి,

మా మామ వ్యవసాయం చేసింది నిజమే, పద్దెనిమిదేళ్ళ వయసు దాకా. తర్వాత పట్నంలో రేకుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు. ఇండ్ల మీద వేసే సిమెంటు రేకులు. ఆ సిమెంటులో కలిపే ఆస్బెస్టాస్ గోనెసంచుల్లో వస్తది, దూదిలాగ. ఆ సంచులు కోసి కుమ్మరించి కట్టెతో కొట్టి విడదీసుడే ఆయన పని. మా అత్త ఆయన్ను వాకిట్లోనే నిలబెట్టి చీపురుతో దులిపి లోపలికి రానిచ్చేది. పెట్టుబడిదారీ వర్గం ఆ చీపురు కూడా ఇయ్యలేదు.

మార్చి నుంచి ఇద్దరం ఈ ఒమాను దేశంలో నీళ్ళ పైపులు వేస్తున్నాం. ఇవీ అదే సరుకుతో చేసినవే. రంపంతో కోస్తే తెల్లటి దుమ్ము లేస్తది. అంటే మామ ఒక దోపిడీ నుంచి ఇంకో దోపిడీకి విమానమెక్కి వచ్చిండు.

మీరు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఊరి నుంచి వచ్చినాయన తెచ్చిన మామిడి తొక్కు సీసాకు చుట్టిన కాగితం మా యూనియన్ కరపత్రమే. రెండు చోట్ల నూనె మరకలున్నా చదవగలిగిన. దుమ్ము రోగాల పరిహారం చట్టానికి మన శాసనసభలో సవరణ పెడుతున్నారట. అందులో ఏడో క్లాజు ఇదీ: కార్మికుడు ఫ్యాక్టరీ వదిలిన తర్వాత ఏ డాక్టరైనా ఎక్స్‌రే తీసి ఛాతీ బాగుందని రాస్తే, ఇక ఆ మనిషికి జన్మలో పరిహారం అడిగే హక్కు ఉండదు. దీని మీద శాసనసభ్యుల కమిటీ డిసెంబరు 31 దాకా ప్రజల అభిప్రాయాలు తీసుకుంటదట.

నేను ప్రజలనే. రాస్తున్న. పదిహేడేళ్ళ వయసులో సమ్మె గేటు కాడ పోలీసు లాఠీకి ఎడమ వైపు కాలర్ బోన్ విరిగినా వెనక్కి తగ్గనోణ్ణి, కాగితం ముందు తగ్గుతనా.

పోరాటాభినందనలతో,
ఇస్తారి

---

మత్రా,
22 సెప్టెంబరు 1978

ఇస్తారికి,

నీకు ఇరవై రెండేళ్ళని మీ మామయ్య చెప్పారు. ఇక మీరు అనను.

నీ ఉత్తరం డాక్టరు గారికి ఇంగ్లీషులో చెప్పాను. పోరాటం వదిలేసి పద్నాలుగేళ్ళ సంగతి ఒక్కటే చెప్పాను. ఆయన ఎక్స్‌రే ఫిల్ము మళ్ళీ తీసి చూశారు. ఇది ఆ దుమ్ము వల్ల వచ్చిన జబ్బేనట. లోపలికి పోయింది బయటికి రాదు. గట్టిపడిపోతుంది. ఆయాసానికి మందులున్నాయి గానీ జబ్బుకి లేవు. ఇది మీ మామయ్యకి నేనే చెప్పాను. "నేనింకా బీడీలనుకున్న సిస్టరమ్మా, ఉత్తగనే ఇడిసిపెట్టిన," అన్నారు. బీడీ ఇప్పించమని ఆ రోజు నుంచి అడుగుతున్నారు. ఇప్పించడం లేదు.

నువ్వూ ఆ పైపులే కోస్తున్నావు కదా. కోసేముందు పైపు మీద నీళ్ళు పోయండి. దుమ్ము లేవదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. ఇది ఏ కరపత్రంలోనైనా ఉందో లేదో నాకు తెలియదు.

ఆ కరపత్రాలు పరుపు కింద పెట్టకు. ఇక్కడ అలాంటి కాగితాలు ఎవరి దగ్గరైనా కనబడితే మంచిది కాదు. చదివింది బుర్రలో ఉంటే చాలు, అక్కడ ఎవరూ వెతకరు.

కృపాబాయి

---

సూర్,
3-10-78

అక్కా,

సిస్టర్ అంటే అక్కనే గనుక ఇట్లనే రాస్తున్న.

నీళ్ళ సంగతి మా ఫోర్‌మన్ సర్దార్‌కు చెప్పిన. తాగే నీళ్ళే ట్యాంకరు మీద రోజు విడిచి రోజు వస్తున్నయి, పైపులకు స్నానం పోయాల్నా అన్నడు. అప్పుడు నేను శ్రామికవర్గ ఐక్యత గురించి ఇరవై నిమిషాలు మాట్లాడిన. ఆయన మొత్తం విని, భోజనం టైములో ఇరవై నిమిషాలు కోసేసిండు. తర్వాత వరంగల్లు మనిషి ఒకాయన, మాట్లాడకుండ రెండు డబ్బాలు తీసుకొని సముద్రంలోకి దిగి నింపుకొచ్చి పైపు మీద పోసిండు. సర్దార్ చూసి, సముద్రం మన యజమాని అర్బాబ్‌ది కాదు కదా, పోసుకోండి అన్నడు. ఇప్పుడు అందరం ఉప్పునీళ్ళు పోసే కోస్తున్నం. ఉపన్యాసం లేకుండ పని అయింది. దీనికి సిద్ధాంతంలో వివరణ ఏందో ఆలోచిస్తున్న.

శాసనసభ్యుల కమిటీకి అర్జీ చిత్తుప్రతి పెట్టిన. పన్నెండు పేజీలు. మీరు చదివి తప్పులుంటే చెప్పండి. ఉండవనుకుంటున్న.

పోరాటాభినందనలతో,
ఇస్తారి

---

మత్రా,
15 అక్టోబరు 1978

ఇస్తారికి,

అర్జీ చదివాను. మొదటి వాక్యంలో శాసనసభ్యుల్ని జలగలన్నావు. రెండో వాక్యంలో సాయం అడిగావు. జలగకి అర్జీ పెట్టేవాళ్ళు ముందు కొంచెం మర్యాద చేస్తారు.

ఆశ్చర్యార్థకాలు లెక్కపెట్టాను. మొదటి పేజీలోనే పదిహేడు. మూడో పేజీ నుంచి ఎనిమిదో పేజీ దాకా ఐరోపాలో ఏం జరిగిందో రాశావు. మీ మామయ్య పేరు పదకొండో పేజీలో వచ్చింది, అది కూడా ఒక్కసారి. ఆయనకి చదివి వినిపించాను. ఎనిమిదో పేజీలో నిద్రపోయారు. లేపితే, "మంచిగ రాసిండు పోరడు, ఎవ్వల గురించి?" అని అడిగారు.

నాకు తోచింది చెప్తాను. క్లాజు ఎక్స్‌రే గురించి. కాబట్టి అర్జీ కూడా ఎక్స్‌రే గురించే ఉండాలి. ట్రంకుపెట్టె చేరింది. అందులో మీరు బొంబాయిలో వీసా కోసం తీయించిన ఫిల్ము కవరుతో సహా ఉంది. పైన దేవయ్య అని, ఫిబ్రవరి తేదీ ఉన్నాయి. ఫ్యాక్టరీ వదిలాకే తీశారు కదా. ఫిబ్రవరి ఫిల్మునీ ఇప్పటి ఫిల్మునీ పక్కపక్కన పెట్టి చూడాలని డాక్టరు గారు అంటున్నారు. ఆదివారం చూపిస్తాను.

కృపాబాయి

---

సూర్,
20-10-78

గౌరవనీయులైన సిస్టర్ గారికి,

మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఇక్కడ వాతావరణం బాగుంది.

బొంబాయి ఫిల్ము డాక్టరు గారికి చూపించాల్సిన అవసరం లేదనుకుంటున్న. అది రూములో ఎండకు పాడై ఉంటది. పాత ఫిల్ముల మీద ఆధారపడుడు శాస్త్రీయం కాదు. దయచేసి దాన్ని పెట్టెలోనే ఉంచగలరు. వీలైతే కాల్చెయ్యగలరు.

చేపలు బాగా పడుతున్నయి.

ఇట్లు,
ఇస్తారి

---

మత్రా,
2 నవంబరు 1978

ఇస్తారికి,

నీ దగ్గర నుంచి వచ్చిన మొదటి మర్యాదైన ఉత్తరం ఇదే. అందుకే ఫిల్ముని డాక్టరు గారికి చూపించకుండా, ముందు నేనే కిటికీ వెలుతురులో పెట్టి చూశాను.

ఎండకి పాడవలేదు. బొంబాయి ఫిల్ములో ఊపిరితిత్తులు కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. ఇక్కడి ఫిల్ములో కింది సగమంతా తెల్లటి వల. ఏడు నెలల్లో ఇంత మారదు, మారిందే అనుకుందాం. కానీ బొంబాయి ఫిల్ములో ఎడమ వైపు కాలర్ బోన్ ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది. మా ఫిల్ములో అది తిన్నగా ఉంది. పంతొమ్మిదేళ్ళ నా సర్వీసులో, వంకరగా అతికిన ఎముక దానంతటదే సరైపోవడం చూడలేదు.

కాలర్ బోన్ విరిగినవాడు ఒకడు నాకు ఉత్తరాలు రాస్తుంటాడు.

మీ మామయ్యని అడిగాను. లాఠీ కాదట. సమ్మెకి కరపత్రాలు తీసుకెళ్తూ సైకిలుతో బర్రెను గుద్దావట. బర్రెకేం కాలేదట. మిగతాది అడిగితే అటు తిరిగి పడుకున్నారు.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పు.

కృపాబాయి

---

మత్రా,
25 నవంబరు 1978

ఇస్తారికి,

మూడు వారాలైంది. నీకేమైనా అయిందా అని షరీఫ్‌ని అడిగాను. బాగానే ఉన్నాడు, రెండు పూటలా తింటున్నాడు, ఎవరితోనూ వాదించడం లేదు అని చెప్పాడు. ఆ చివరి మాటకి కంగారుపడ్డాను.

మీ మామయ్యకి రోజులో సగంసేపు ఆక్సిజన్ పెడుతున్నాం. మంచం నుంచి బాత్రూము దాకా వెళ్ళడానికి మధ్యలో ఒకచోట కుర్చీ వేశాం. కమిటీ గడువు ఇంకా ముప్పై ఆరు రోజులు.

కృపాబాయి

---

సూర్,
1-12-78

అక్కా,

సైకిలు నిజమే. బర్రె కూడా నిజమే.

మిగతాది చెప్తున్న. ఫిబ్రవరిలో బొంబాయిలో ఏజెంటు మమ్మల్ని ఒక ఎక్స్‌రే దుకాణానికి తోలుకపోయిండు. లైన్ల నలభై మంది. మామకు అప్పటికే దగ్గు. ఆయన ఫిల్ము తీస్తే పోనియ్యరని అందరికీ తెలుసు. అక్కడ ఇది కొత్త సంగతి కాదు. మంచి రొమ్ము ఉన్నోడు ముందు తన పేరు మీద నిలబడతడు, అంగీ మార్చుకొని మళ్ళొచ్చి ఇంకొకని పేరు మీద నిలబడతడు. కొందరు దాన్నే పనిగా పెట్టుకున్నరు. నాకు పైసలు ఇయ్యలేదు, నేను అడగలేదు. దేవయ్య అని పిలిస్తే నేనే పోయి గడ్డం ఆనించి ఊపిరి బిగబట్టిన. మనిషిని రొమ్ము చూసి ఏరుకునే వ్యవస్థను ఆ రోజు ఓడించిన అనుకున్న. రాత్రి మామకు జిలేబి తినిపించిన.

ఇప్పుడు ఏడో క్లాజు చదవండి. ఫ్యాక్టరీ వదిలిన తర్వాత ఏ డాక్టరైనా ఛాతీ బాగుందని రాస్తే హక్కు పోయినట్టే. రాసిండు. దేవయ్య పేరు మీద నా రొమ్ము బాగుందని రాసిండు. సవరణ పాసైతే, ఫ్యాక్టరోడు ఆ ఒక్క కాగితం చూపిస్తే చాలు. మామ హక్కును వాడు తియ్యలేదు, నేను తీసి వాని చేతిల పెట్టిన.

పన్నెండు పేజీలు రాసిన గదా. ఆ పన్నెండు పేజీలు ఎందుకంత పొడుగైనయో నాకు తెలుసు. ఈ ఒక్కటి రాయకుండ ఉండటానికి అన్ని పేజీలు పట్టినయి.

నిజం రాస్తే కంపెనీకి తెలుస్తది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉంది. నన్ను పంపిస్తరు, లేకుంటే పట్టిస్తరు. రెండేళ్ళ కాంట్రాక్టుల ఇంకా సగం కూడా కాలేదు. నాకు భయమైతున్నది. ఇది ఏ కరపత్రంల లేదు.

ఇస్తారి

---

మత్రా,
8 డిసెంబరు 1978

ఇస్తారికి,

నీ ఉత్తరం మీ మామయ్యకి చదివాను. ఈసారి నిద్రపోలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"నా రొమ్ము ఎట్లనో పాయె. వాని నౌకరి ఎందుకు పోవాలె. ఏం రాయొద్దని చెప్పుండ్రి. రాస్తే నేను మేనమామనే కాదు."

చెప్పాను కదా, మాట అందజేయడం నా బాధ్యత. ఆ తర్వాత ఆయనతో నేను అన్నదీ రాస్తాను. ఆ ఫ్యాక్టరీలో మీ పనిలోకి మీ తర్వాత ఎవరు వచ్చారని అడిగాను. ముగ్గురి పేర్లు చెప్పారు. అందులో ఒకతను మీ అత్త తమ్ముడట. వాళ్ళలో గల్ఫ్ మాట ఎత్తుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ముగ్గురూనట. అయితే వాళ్ళ పేర్ల మీద ఎవరి ఛాతీలు నిలబడతాయి అని అడిగాను. తర్వాత కుర్చీ దాకా నడుస్తానన్నారు. నడిచి, కూర్చుని, ఆయాసం తగ్గాక, "చిన్నగ రాయమనుండ్రి. పొడుగు రాస్తే ఎవ్వడు సదువడు," అన్నారు.

మేనమామ వరస ఉందో పోయిందో మీరిద్దరూ తేల్చుకోండి.

నా మాట కూడా విను. బొంబాయిలో నువ్వు చేసింది తప్పే. సాకులు రాయకు. ఎవరినీ తిట్టకు. తేదీ రాయి, చోటు రాయి, ఏం చేశావో రాయి, క్లాజు ఎందుకు వద్దో రాయి. ఒక్క పేజీ. భయం ఉంటే ఉండనీ, దాన్ని పోగొట్టుకున్నాకే రాయాలంటే గడువు దాటిపోతుంది.

ఫిల్ము సంగతి డాక్టరు గారికి చెప్పేశాను. ఆయన సర్టిఫికెట్ రాసిస్తానన్నారు. ఇదివరకు ఇలాంటి బొంబాయి ఫిల్ములు ఎన్నింటి మీద తెలియక సంతకం పెట్టానో అనుకుంటూ ఆ పూట టీ తాగలేదు.

కృపాబాయి

---

సూర్,
14-12-78

అక్కా,

రాసిన. ఒక్క పేజీనే. మీరు చదివి తప్పులుంటే దిద్దండి. ఈసారి ఉంటయి. షరీఫ్ రేపు పొద్దున పోతున్నడు, మీరే అక్కడ విమానం టపాలో వెయ్యండి. జవాబు మీ హాస్పిటల్ చిరునామాకే రమ్మని రాసిన.

"దుమ్ము రోగాల పరిహార చట్ట సవరణ కమిటీలోని శాసనసభ్యులకు,

నా పేరు ఇస్తారి. ఒమాను దేశంలో సూర్ అనే ఊరి దగ్గర పైపులు కోసే కూలీని. మా మేనమామ దేవయ్య రేకుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ఆస్బెస్టాస్ సంచులు విప్పిండు. ఈ జనవరిలో మానిండు. ఫిబ్రవరిలో బొంబాయిలో దేవయ్య పేరున తీసిన ఎక్స్‌రేలో ఛాతీ బాగుందని డాక్టరు రాసిండు. ఆ ఛాతీ నాది. నేనే ఆయన పేరు మీద నిలబడిన. ఇది తప్పు. నేను చేసిన. నా ఎడమ కాలర్ బోన్ వంకర ఆ ఫిల్ములో కనబడతది. సైకిలు మీద నుంచి పడితే అయింది.

దేవయ్య అసలు ఫిల్ము మత్రా హాస్పిటల్లో తీసిండ్రు. జబ్బు ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జత చేసిన.

మీ ఏడో క్లాజు ప్రకారం నా రొమ్ము బాగుంది గనుక ఆయనకు హక్కు లేదు. ఇట్ల వేరేవాళ్ళ రొమ్ములతో గల్ఫుకు వచ్చినోళ్ళు మా ఒక్క రూములోనే నలుగురున్నరు. పేర్లు రాయను. వాళ్ళు పనికోసం చేసిండ్రు, హక్కు వదులుకుంటున్నమని వాళ్ళకు తెలియదు. ఇంకొకటి. ఆ ఫిల్ము నిజంగ దేవయ్యదే అయినా, ఈ జబ్బు కొందరికి పదిహేను, ఇరవై ఏండ్లకు బయటపడతదని డాక్టరు చెప్పిండు. ఒక్క రోజు ఫిల్ము చూసి జన్మంత హక్కు తియ్యొద్దు. ఏడో క్లాజు తీసేయండి.

పిలిస్తే వచ్చి చెప్తం."

చివరి మాట రాసినంక గంటసేపు చూసిన. ఉంచిన.

ఇస్తారి

---

మత్రా,
19 జనవరి 1979

తమ్ముడూ,

పిలిచారు.

అచ్చు కాగితం మీద ఖాళీల్లో చేత్తో నింపి పంపారు. ఫిబ్రవరి 19, ఉదయం పదకొండు గంటలకు హైదరాబాదులో కమిటీ ముందు ఇద్దరూ హాజరు కావాలట, అసలు ఫిల్ములు తేవాలట. దారి ఖర్చులు ఇవ్వబడవు అన్న వాక్యం కింద గీత కూడా గీశారు.

మీ మామయ్యని పనికి పనికిరాడని మీ కంపెనీ ఎలాగూ పంపించేస్తోంది. ఈ పిలుపు సంగతి షరీఫ్ చేత ముందే చెప్పి పంపితే, ఆ రోజే నువ్వు రాసిచ్చిన రాజీనామా తీసుకుని సర్దార్ స్వయంగా ఆఫీసుకి వచ్చాడట. షరీఫ్ చెప్పాడు. ఫిల్ము సంగతి కంపెనీలో ఎవరూ అడగలేదట. అడిగితే ఇంకా ఎంతమంది బయటపడతారోనని ఆఫీసు భయం. నీ భయం అలా వాళ్ళకి అంటుకుంది.

ఆ ఏజెంటు నిన్ను మళ్ళీ ఈ దేశం రానివ్వడు. అది తెలిసే వస్తున్నావని నాకు తెలుసు.

విమానానికి రెండు రోజుల ముందే రా. నీకు కొత్త ఫిల్ము తీయించాలి. బొంబాయి ఫిల్ము నీదేనని చెప్పడానికి నీ మాట చాలదు, నీ ఎముక కావాలి.

కృపాబాయి

---

హైదరాబాదు,
21-2-79

అక్కా,

కమిటీ రెండో అంతస్తులో కూసుంటది. లిఫ్టు రిపేరు. మామ పదకొండు మెట్లు ఎక్కి కూసున్నడు. పన్నెండోది ఆయనతోని కాలేదు. ఎత్తుకుంటానంటే పది మంది ముందట నన్ను పోరణ్ణి చేస్తవా అన్నడు. అత్తను పక్కన కూసోబెట్టి నేనొక్కణ్ణే పైకి పోయిన.

గంటసేపు మాట్లాడాలని నేర్చుకున్నదంత మెట్ల మీదనే మర్చిపోయిన. ముగ్గురు శాసనసభ్యులు, ఫ్యాక్టరీ తరఫున ఒక వకీలు. వకీలు బొంబాయి సర్టిఫికెట్ నకలు ముందే తెచ్చుకున్నడు. ఎక్కడ దొరికిందో. ఛాతీ బాగుందని చదివిండు. నేను బాగుంది నిజమే, నాదే అన్న. ఛైర్మన్ వయసు మీదపడ్డ మనిషి, ఫిల్ములు మూడు కిటికీకి ఆనించి చూసిండు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి అంగీ గుండీలు విప్పమని, బొటనవేలితోని ఎముక తడిమిండు. కొత్త ఫిల్ము మీద, పాత ఫిల్ము మీద, నా మీద, మూడుచోట్ల తడిమిండు. తప్పుడు ఫిల్ము ఇచ్చినోణ్ణి సాక్షిగ ఎట్ల నమ్ముతరని వకీలు అడిగిండు. నాకు కోపమొచ్చింది. నోరు తెరిచిన. మళ్ళ మూసిన. మీరుంటే చూసేటోళ్ళు.

ఆ దేవయ్య ఎక్కడున్నడని ఛైర్మన్ అడిగిండు. పదకొండో మెట్టు మీద అన్న. అందరు నా దిక్కు చూసిండ్రు. ఒకాయన చాయ తాగే టైమైందని పైననే కూసున్నడు. ఛైర్మన్, ఇంకొకాయన, రాసుకునే గుమాస్తా కిందికి దిగిండ్రు. ఛైర్మన్ పన్నెండో మెట్టు మీద కూసున్నడు. ఫ్యాక్టరీ మానంగనే ఒక ఫిల్ము తీస్తే జబ్బు ఉన్నదో లేదో తేలదా అని మామను అడిగిండు. మామ ఊపిరి తీసుకుంట తీసుకుంట చెప్పిండు.

"అయ్యా, దుమ్ము పద్నాలుగేండ్లు మెల్లగ వొయ్యింది. మానంగనే ఒక్క ఫిల్ముల కనవడాల్నని మీరు సట్టం రాస్తే, దుమ్ముకు సదువొస్తదా?"

గుమాస్తా రాసుకున్నడు. సాక్షి ఎక్కడ ఉండగ చెప్పిండో రాయాల్నట. పదకొండో మెట్టు అని రాసుకున్నడు. నేను తల వంచి చూసిన, అట్లనే ఉంది.

క్లాజు తీసేస్తరో లేదో ఎవరూ చెప్పలేదు. నివేదిక వచ్చినంక తెలుస్తదట. మామ నడిచేది ఇంకా తగ్గింది. అత్త ఇప్పుడు కూడా అలవాటు కొద్దీ వాకిట్ల ఆయన అంగీ దులుపుతది. ఏమీ రాలదు. నేను యూనియన్ ఆఫీసుల కూసోని అర్జీలు రాస్తున్న, ఒక్కొక్కటి ఒక్క పేజీ. పొడుగు రాసెటోళ్ళను తిడుతున్న.

నా కొత్త ఫిల్ములో ఎముక సంగతి చెప్పిండ్రు. ఊపిరితిత్తుల సంగతి మీరు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్న.

ఇస్తారి

---

మత్రా,
6 మార్చి 1979

తమ్ముడూ,

నీ ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు గారు అన్నారు. ఆ మాటకి ఎంత విలువో నీకూ నాకూ తెలుసు. అయిదేళ్ళకోసారి తీయించుకో. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తీయించుకో. అప్పటికి ఏడో క్లాజు ఉండకూడదు. కాబట్టి అర్జీలు ఆపకు.

ఇక్కడి సంగతి. పోయిన శుక్రవారం, సెలవు రోజు, మీ సైట్ ట్రక్కు హాస్పిటల్ ముందు ఆగింది. షరీఫ్ దింపాడు, ఏడుగురు పైపులు కోసేవాళ్ళు. వెనక సర్దార్ కూడా దిగాడు. సముద్రం నీళ్ళు పోసిన వరంగల్లు ఆయన ముందు నిలబడి, మాకూ ఫిల్ములు తీయించమన్నాడు. ఇస్తారి రాసిన పేజీ రూములో చదివారట. ఆ నలుగురిలో ముగ్గురు వీళ్ళే. ఫిల్ము బాగాలేకపోతే పని పోతుంది, తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. ఎవరూ తిరిగి ట్రక్కెక్కలేదు. కంపెనీకి చూపించనని మాటిచ్చాను. డాక్టరు గారు కూడా ఇచ్చారు.

లైన్లో మొదటివాడు అలవాటు ప్రకారం చొక్కా మార్చుకుని మళ్ళీ వెనక నిలబడ్డాడు, ఊళ్ళో ఉన్న బావమరిది పేరు మీద కూడా ఒకటి తీయించుకుందామని. పక్కకి పంపించాను.

సర్దార్‌తో కలిపి ఎనిమిది ఫిల్ములు. పేర్లు గుమాస్తాకి వదలకుండా నేనే రాశాను. ఒక్కొక్కరినీ చొక్కా విప్పించి, ముఖం చూసి, తండ్రి పేరు అడిగి, తేదీ వేసి రాశాను. అన్నీ నా పెట్టెలో ఉన్నాయి. నేను ఇక్కడ నుంచి వెళ్ళేరోజు వస్తే నాతోనే తీసుకెళ్తాను. ఎప్పుడైనా, ఎవరికైనా కావలసి వస్తే సామర్లకోట దగ్గర కృపాబాయి అని అడగమను. ఎవరి పేరు మీద వాళ్ళ ఛాతీయే ఉంటుంది.

మీ మామయ్యకి చెప్పు. ఆరో మంచం ఖాళీగా లేదు. కానీ ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంచాం.

కృపాబాయి